టోపీ, అమామా: సున్నత్ ఎంత, అలవాటు ఎంత?



సకల స్తుతులకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, వారి సహచరులందరిపైన శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

ఈనాటి ప్రసంగాంశం ఏమిటో వింటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. తలపై పెట్టుకునే టోపీ గురించి, తలకు చుట్టుకునే అమామా గురించి, ఆ రెండింటి మధ్య గల తేడా గురించి ఈ రోజు మాట్లాడదలచాను. ధర్మంలో ఇంతకంటే పెద్ద విషయాలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. కానీ పోయిన నెలలో మగ్రిబ్ నమాజు తరువాత మన మస్జిదు వరండాలో ఇద్దరు పెద్దలు గొంతెత్తి వాదించుకున్నది వడ్డీ గురించి కాదు, అనాథల ఆస్తి గురించి కాదు. ఈ తలగుడ్డ గురించే.

ఒకరు, ఇమాం అమామా చుట్టుకోకుండా వట్టి టోపీతో ముందు నిలబడితే వెనుక నిలబడినవారి నమాజు అసంపూర్ణమన్నారు. మరొకరు, అమామా అరబ్బుల వేషమనీ, నేటి కాలంలో దానిని చుట్టుకునేవారు తమ భక్తిని నలుగురికీ చూపించుకోవడానికే చుట్టుకుంటున్నారనీ అన్నారు. ఆ ఇమాంను నేనే గనుక మొదటి మాట నాకు తగిలింది. ఒక్కొక్క జుమాకు నేను అమామా చుట్టుకుంటాను గనుక రెండవ మాట కూడా నాకే తగిలింది. నా సంగతి వదిలేయండి. ఆ ఇద్దరు పెద్దలూ మూడు వారాలు ఒకరికొకరు సలాం చెప్పుకోలేదు. ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానివేయడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక వారికి తెలియనిది కాదు.

ఇక రెండవ సంఘటన అంతకంటే బాధాకరమైనది. దానిని చివరలో చెబుతాను. ముందుగా ఈ రెండు వస్త్రాలూ ఏమిటో, మన గ్రంథాలు వాటి గురించి ఏమంటున్నాయో చూద్దాం.

అరబీలో టోపీని ఖలన్‌సువహ్ అంటారు. అది తల కొలతకు కుట్టినది లేదా అల్లినది. ఒకరి టోపీ మరొకరికి సరిపడకపోవచ్చు. పెట్టుకోవడానికి, తీయడానికి క్షణం చాలు. అమామా కుట్టని గుడ్డ. దానికి కొలత లేదు, ఏ తలకైనా సరిపోతుంది. విప్పిన ప్రతిసారీ కొత్తగా చుట్టుకోవాలి. చుట్టులో ఒక్కొక్క వరుసను కౌర్ అంటారు, వెనుకకు వదిలే కొసను అరబీలో అజబహ్ అనీ, ఉర్దూలో శమ్లా అనీ అంటారు. విప్పితే అదే కప్పుకునే దుప్పటి, అదే చెమట తుడుచుకునే గుడ్డ, అదే మూట కట్టే బట్ట. టోపీ ఒకే పని చేస్తుంది. అమామా పది పనులు చేస్తుంది. ఎడారిలో ఒంటెపై ప్రయాణించేవానికి దానిని మించిన ఆస్తి లేదు. ఈ తేడా వినడానికి మామూలుగా ఉన్నా, ఫిఖ్‌హ్ పండితుల తీర్పులు కూడా దీని మీదే ఆధారపడ్డాయని ముందు ముందు మీకు తెలుస్తుంది.

దైవప్రవక్త (స) అమామా ధరించారనడంలో ఎలాంటి సందేహం లేదు. మక్కా విజయం నాడు, అంటే హిజ్రీ 8వ ఏట, ఆయన నల్లని అమామాతో నగరంలో ప్రవేశించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. అదే రోజున ఆయన శిరస్సుపై ఇనుప శిరస్త్రాణం ఉందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించినది సహీహ్ బుఖారీలో ఉంది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదనీ, ప్రవేశించేటప్పుడు శిరస్త్రాణం ఉండి, తరువాత అమామా చుట్టుకుని ఉండవచ్చుననీ, లేదా ఒకదానిపై ఒకటి ఉండవచ్చుననీ పండితులు వివరించారు. ఆయన మింబరుపై నల్లని అమామాతో ప్రసంగిస్తుండగా దాని కొసలు రెండు భుజాల నడుమ వేలాడడం తాము చూశామని అమ్ర్ బిన్ హురైస్ (రజి) చెప్పారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తలకు దైవప్రవక్త (స) స్వయంగా తమ చేతులతో అమామా చుట్టి, ఒక కొసను ముందుకు, మరొక కొసను వెనుకకు వదిలారని అబూదావూద్‌లో ఉంది.

మరి టోపీ సంగతి ఏమిటి? ఇమాం ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) తమ జాదుల్ మఆద్ గ్రంథంలో ప్రవక్త వస్త్రధారణ గురించి రాస్తూ, ఆయనకు సహాబ్ అనే పేరుగల ఒక అమామా ఉండేదనీ, దానిని హజ్రత్ అలీ (రజి)కి ధరింపజేశారనీ తెలిపారు. ఆ చోటనే ఆయన మరొక విషయం కూడా రాశారు: దైవప్రవక్త (స) టోపీపై అమామా చుట్టుకునేవారు, అమామా లేకుండా టోపీ మాత్రమే పెట్టుకునేవారు, టోపీ లేకుండా అమామా మాత్రమే కూడా చుట్టుకునేవారు. మన వరండాలో జరిగిన తగాదా మొత్తానికి ఈ మూడు వాక్యాల్లో సమాధానం ఉంది. నేనే గనుక ముతవల్లీనైతే దీనిని ఒక పలకపై రాయించి చెప్పులు విడిచే చోట తగిలించి ఉండేవాణ్ణి.

అయితే అమామా పక్షం వహించే సోదరులు ఒక హదీసును ముందుకు తెస్తారు. రుకానహ్ (రజి) ఉల్లేఖనం అది. మనకూ బహుదైవారాధకులకూ మధ్య గల భేదం టోపీలపై అమామాలు చుట్టుకోవడమే అన్నది దాని భావం. అబూదావూద్, తిర్మిజీ రెండింటిలోనూ ఉంది. కాని దానిని నమోదు చేసిన ఇమాం తిర్మిజీ (రహ్మ) స్వయంగా, దాని ఉల్లేఖకుల పరంపర నిలకడైనది కాదని అక్కడికక్కడే రాశారు. హదీసు చదివి, దాని కిందనే ఉన్న ఇమాం మాటను చదవకుండా పుస్తకం మూసేయడం న్యాయం కాదు. అలాగే అమామాతో చేసిన ఒక్క నమాజు అమామా లేకుండా చేసిన పాతిక నమాజులకు సమానమనీ, డెబ్భై జుమాలకు సమానమనీ కొన్ని మాటలు ప్రచారంలో ఉన్నాయి. మొబైల్ ఫోన్లలో ప్రతి గురువారం రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. హాఫిజ్ ఇబ్నె హజర్, అల్లామా సఖావీ వంటి హదీసు విమర్శకులు వాటిని తిరస్కరించారు. దైవప్రవక్త (స) అనని మాటను ఆయనకు అంటగట్టడం ఎంతటి పాపమో మీకు తెలుసు. సున్నత్‌పై ప్రేమతోనే అయినా ఆ పని చేయకూడదు. అమామా పొడవు ఇన్ని మూరలే ఉండాలన్న లెక్కకు కూడా ప్రామాణిక హదీసు ఆధారం లేదు. ఏడు మూరలా, పన్నెండు మూరలా అని దుకాణంలో బేరమాడేవారు తమ తలను బట్టి, తమ జేబును బట్టి కొనుక్కోవచ్చు.

సోదరులారా! ఇక్కడ నా సొంత జీవితంలోని ఒక పొరపాటు చెప్పుకోక తప్పదు. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నాను.

మాది రాయలసీమలోని ఒక చిన్న పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం. ఉర్దూ, అరబీ నేను మదరసాలో నేర్చుకున్నాను. మా తాతగారిని మా వైపు అలవాటు ప్రకారం అబ్బ అని పిలిచేవాణ్ణి. ఆయన దూదేకిన మనిషి, తరువాత నాలుగు ఎకరాల వేరుశనగ చేను చేసుకున్నాడు. తలకు ఎప్పుడూ తెల్లని రుమాలు ఉండేది. మా పల్లెలో ఆ రుమాలు లేని రైతు లేడు. హిందువూ చుట్టేవాడు, ముస్లిమూ చుట్టేవాడు. అది ఎండకు చుట్టుకున్నది, మర్యాదకు చుట్టుకున్నది, మతానికి చుట్టుకున్నది కాదు. అబ్బ దాని కొసను వీపు మీదికి వదిలేవాడు. చేలో వేళయితే ఆ కొసతోనే ముఖం తుడుచుకుని, గట్టు మీద నమాజు చేసేవాడు. వచ్చేటప్పుడు దానిలోనే మా కోసం పచ్చి శనక్కాయలు మూట కట్టి తెచ్చేవాడు.

మదరసాలో నా చదువు పూర్తయి దస్తార్‌బందీ జరిగింది. అంటే పట్టా పొందినవానికి ఉస్తాదులు సభలో తమ చేతులతో అమామా చుట్టే వేడుక. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తలకు ప్రవక్త (స) చుట్టిన ఆ అమామా మనసులో మెదిలి, ఆ రోజు నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఆ తరువాత ఊరికి వెళ్ళాను. దస్తార్‌ను పెట్టెలో భద్రంగా పెట్టి, మదరసా విద్యార్థులందరూ పెట్టుకునే పలుచని తెల్ల టోపీతో దిగాను. జుమా నాడు మస్జిదులో అబ్బ తన రుమాలుతోనే నిలబడ్డాడు. నలుగురిలో ఆయన దగ్గరికి వెళ్ళి, అబ్బా, ఇది కాపువాళ్ళ వేషం, మస్జిదులోకి టోపీ పెట్టుకుని రావాలి అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రుమాలు విప్పి, మడిచి, భుజం మీద వేసుకున్నాడు. ఎవరో ఒక టోపీ ఇచ్చారు. ఆ రోజు నుంచి అల్లాహ్ పిలుపు వచ్చేవరకు అబ్బ మస్జిదులో రుమాలు చుట్టలేదు. చదువుకున్న మనవడు చెప్పాడని అందరితో గర్వంగా చెప్పుకునేవాడట.

చాలా ఏళ్ళ తరువాత నేనే విద్యార్థులకు హదీసు గ్రంథంలోని వస్త్రధారణ అధ్యాయం బోధిస్తున్నాను. ప్రవక్త (స) అమామా చుట్టుకుంటే దాని కొసను భుజాల నడుమ వదిలేవారన్న ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం వచ్చింది. విద్యార్థి చదువుతున్నాడు, నేను అర్థం చెప్పాలి. నా కళ్ళ ముందు మా చేను గట్టు కనిపించింది. కుట్టని తెల్ల గుడ్డ, తలచుట్టూ వరుసలు, వీపు మీద కొస. ఆ హదీసును నేను విద్యార్థిగా ఉండగానే చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో రోజూ కనిపిస్తున్నదానిని మాత్రం గుర్తుపట్టలేకపోయాను. అబ్బ తలపై ఉన్నది నా టోపీ కంటే ఆ హదీసుకు దగ్గరగా ఉంది. నేను దానిని కాపువాళ్ళ వేషమన్నాను. క్షమాపణ అడగడానికి అప్పటికి అబ్బ లేడు.

అలాగని అబ్బ రుమాలు సున్నత్ అనే సంకల్పంతో చుట్టుకున్నది అని నేను అనడం లేదు. ఎండ కోసం చుట్టుకున్నాడు. నేను చెప్పేది వేరు. మనం ఏ ఊరిలో, ఏ మదరసాలో, ఏ గుంపులో పెరిగామో ఆ గుంపు పెట్టుకున్నది ఇస్లాం అనీ, పక్కవాడు పెట్టుకున్నది వేషం అనీ భావిస్తాం. అలవాటు మెల్లగా ధర్మం ఆసనంలో కూర్చుంటుంది. ఇది మన పల్లెల్లోనే జరిగింది కాదు.

చరిత్ర చూడండి. హిజ్రీ 153లో అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ప్రజలు మితిమీరిన పొడవు గల టోపీలు ధరించాలని ఆజ్ఞాపించాడు. అవి వంగిపోకుండా లోపల రెల్లు పుల్లలు పెట్టుకోవలసి వచ్చిందని చరిత్రకారుడు తబరీ రాశాడు. ఆనాటి కవి ఒకరు ఆ టోపీలను ఎగతాళి చేశాడు కూడా. సరే, అది రాజుగారి సరదా. ఉస్మానీ సుల్తాన్ మహ్మూద్ కథ ఇంకా విచిత్రమైనది. ఆయన 1829లో తన ఉద్యోగులు అమామాలు విడిచి ఎర్రని ఉన్ని టోపీ ధరించాలని చట్టం చేశాడు. అమామా ఉలమాకు మాత్రమే మిగిలింది. ఆ ఎర్ర టోపీనే మనం రూమీ టోపీ అంటాం, తుర్కీని మనవారు రూమ్ అనేవారు గనుక. నూరేళ్ళు కూడా గడవక ముందే, 1925 నవంబరులో, తుర్కీ కొత్త ప్రభుత్వం ఆ రూమీ టోపీని నిషేధించి యూరపు హ్యాటును తప్పనిసరి చేసింది. జనం తిరగబడ్డారు. ఆ హ్యాటును విమర్శిస్తూ అంతకు ముందే చిన్న పుస్తకం రాసిన ఆతిఫ్ అనే ఆలింను 1926లో ఉరి తీశారు. ఒకప్పుడు అమామాను తొలగించడానికి సుల్తాను తెచ్చిన టోపీ, తొంభై ఆరేళ్ళకు ఇస్లాం చిహ్నమై, దాని కోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకునే స్థితి వచ్చింది. ప్రజల తలలపై ఏముండాలో శాసించిన ఆ ప్రభుత్వపు దౌర్జన్యాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను. అయితే శాసించే అధికారం చేతిలో లేకపోయినా, చేతిలో ఉన్నంత మేరకు మనమూ అదే పని చేస్తున్నామేమో ఆలోచించుకోవాలి.

మన హైదరాబాదులోనూ ఈ రెండు రకాలూ ఉండేవి. నిజాం దర్బారుకు వెళ్ళేవారు తలపై దస్తార్, నడుముకు బగ్లూస్ ధరించాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రూమీ టోపీతో ఉన్న చిత్రాలు మీరు చూసే ఉంటారు. ఈజిప్టులోని అజ్‌హర్ ఉలమా ఈ తగాదాకు తమదైన పరిష్కారం కనుగొన్నారు. ఎర్ర టోపీ పెట్టుకుని, దాని చుట్టూ తెల్లని గుడ్డ చుట్టుకుంటారు. రుకానహ్ (రజి) ఉల్లేఖనం బలహీనమైనదైనా దానిలోని రూపం అక్కడ కళ్ళకు కడుతుంది.

గల్ఫుకు వెళ్ళి వచ్చిన మన తమ్ముళ్ళను అడిగి చూడండి. ఒమాన్‌లో టోపీని కుమ్మా అంటారు. దానిపై సూదితో చిన్న చిన్న రంధ్రాలు చేసి, వాటి చుట్టూ దారంతో అల్లుతారు, గాలి ఆడడానికి. తలపాగాను మసర్ అంటారు. అంగడికి కుమ్మాతో వెళ్ళే మనిషి ఆఫీసుకు మసర్ చుట్టుకుని వెళ్తాడు. అక్కడ ఆ రెండింటి మధ్య తేడా ఇల్లు, కచేరీల మధ్య తేడా, అంతే. ఒకడు భక్తుడు, ఒకడు కాడు అనే తేడా కాదు. మస్కట్ నుంచి తెచ్చిన కుమ్మాలతో మన మొదటి సఫ్‌లో నలుగురు కనిపిస్తారు. వాటి అల్లిక చాలా అందంగా ఉంటుంది, సందేహం లేదు.

ఇప్పుడు ఫిఖ్‌హ్ విషయాలు. టోపీ, అమామాల మధ్య నిజమైన ధార్మిక భేదం ఎక్కడ ఉందో తెలుసా? వుజూలో ఉంది. ముగీరహ్ బిన్ షుఅబహ్ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) తమ ముందరి తలపైన, అమామాపైన తడి చేతితో తుడిచారు. మన హనఫీ ఉలమా దీని నుంచి, తలలో నాలుగవ వంతు భాగాన్ని తుడవడం తప్పనిసరి అనీ, వట్టి అమామా మీద తుడిస్తే సరిపోదనీ గ్రహించారు. మాలికీ, షాఫయీ ఉలమా కూడా అమామా ఒక్కటే చాలదంటారు. హంబలీ ఉలమా మాత్రం కొన్ని షరతులతో అమామా మీద తుడవడాన్ని అనుమతించారు. కాని టోపీ మీద తుడవడాన్ని వారిలో అత్యధికులు అంగీకరించలేదు. కారణం? టోపీని తీయడంలో కష్టం లేదు, అమామాను విప్పి మళ్ళీ చుట్టడంలో కష్టం ఉంది. మొదట చెప్పిన తేడా గుర్తుందా? ధర్మం ఇక్కడ చూసింది మనిషి కష్టాన్ని. గుడ్డకు పవిత్రతను ఆపాదించలేదు.

సజ్దాలో కూడా ఒక జాగ్రత్త ఉంది. టోపీ అంచు గాని, అమామా వరుస గాని నుదుటిని పూర్తిగా కప్పివేయకుండా చూసుకోవాలి. ఆనాటి ప్రజలు ఎండ వేడిమికి తమ అమామాల మీద, టోపీల మీద సజ్దా చేసేవారని హసన్ బస్రీ (రహ్మ) చెప్పిన మాట బుఖారీలో ఉంది. అవసరం ఉన్నప్పుడు అది చెల్లుతుంది. మన మస్జిదులో చలువరాళ్ళు, తివాచీలు, ఫ్యాన్లు ఉన్నాయి, కాబట్టి అంచును కాస్త వెనక్కి జరుపుకుంటే చాలు.

ఇమాం అమామా లేకుండా నమాజు చేయిస్తే అది మక్రూహ్ అన్న మాటకు ఆధారం లేదు. అమామా మంచిది, ప్రవక్త (స) పట్ల ప్రేమతో చుట్టుకుంటే పుణ్యం ఆశించవచ్చు. చుట్టుకోనివాని నమాజులో లోపమేమీ లేదు. దానిని చుట్టుకున్నవానిని వేషధారి అనడం మాత్రం, సోదరులారా, మనిషి హృదయంలోకి తొంగిచూడడానికి ప్రయత్నించడమే. ఆ అధికారం మనకు లేదు. ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన మరొక హదీసు ఉంది. ప్రపంచంలో పేరు కోసం వస్త్రం ధరించినవానికి అల్లాహ్ ప్రళయదినాన అవమాన వస్త్రం ధరింపజేస్తాడని దాని భావం. ఇది ఖరీదైన దుస్తులకు మాత్రమే వర్తిస్తుందని అనుకోకండి. అమామాతో గొప్ప కోరుకునేవానికీ వర్తిస్తుంది, అమామా లేని సాదాతనంతో గొప్ప కోరుకునేవానికీ వర్తిస్తుంది. అయితే ఆ తూకం ఎవరికి వారు తమ మీదే వేసుకోవాలి.

బోడితలతో నమాజు గురించి కూడా చెప్పాలి. పురుషునికి తల దాచవలసిన అవయవం కాదు. బోడితలతో చేసిన నమాజు చెల్లుతుంది. నిర్లక్ష్యంతో, సోమరితనంతో అలా చేయడం మక్రూహ్ అని మన హనఫీ గ్రంథాలు అంటున్నాయి. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ ఆదం సంతతిని ఉద్దేశించి, ప్రతి ఆరాధనా సమయంలోనూ చక్కని వస్త్రధారణతో ఉండమన్నాడు. ముస్లింలు వందల ఏళ్ళుగా తల కప్పుకోవడాన్ని ఆ చక్కదనంలో భాగంగా చూశారు. కాబట్టి, యువకులారా, మీ జేబులో టోపీకి చోటు ఉంది. ఫోనుకు ఉన్నప్పుడు దానికి ఉండదా? కాని ఆ ఆయతు ఐదు వాక్యాల ముందే, 26వ ఆయతులో, దైవభీతి అనే వస్త్రమే అన్నింటికంటే ఉత్తమమని కూడా అల్లాహ్ సెలవిచ్చాడు. హజ్రత్ జాబిర్ (రజి) ఒకసారి తమ ఇతర వస్త్రాలు పక్కనే కొయ్యకు తగిలించి ఉండగా ఒకే వస్త్రంతో నమాజు చేశారు. ఎవరో ఆక్షేపించారు. నీవంటి తెలియనివాడు చూడాలనే అలా చేశాననీ, ప్రవక్త (స) కాలంలో మాలో రెండు వస్త్రాలు ఎవరికి ఉండేవనీ ఆయన బదులిచ్చారు. బుఖారీలో ఉంది.

ఇహ్రామ్‌లో చొక్కా, పైజామా, అమామా, తల కప్పే వస్త్రం ఏదీ ధరించకూడదని దైవప్రవక్త (స) చెప్పారు. హజ్‌కు వెళ్ళిన సోదరులకు తెలుసు, అరఫాత్ మైదానంలో ఎవరి తలపైనా ఏమీ ఉండదు. ఆయన కఫన్ గురించి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినది కూడా గుర్తుంచుకోండి. మూడు తెల్లని యెమెన్ నూలు వస్త్రాలు, వాటిలో చొక్కా లేదు, అమామా లేదు.

ఇక ఆ రెండవ సంఘటన. మన బజారు చివర మెకానిక్ షెడ్డులో పనిచేసే ఒక కుర్రవాడు కొన్ని వారాలుగా జుమాకు వస్తున్నాడు. పదిహేడేళ్ళుంటాయి. ఒక శుక్రవారం పని మధ్యలోంచి చేతులు కడుక్కుని, వుజూ చేసి, బోడితలతోనే రెండవ సఫ్‌లో నిలబడ్డాడు. ఇఖామత్ అవుతుండగా ఒక పెద్దాయన అతని మోచేయి పట్టుకుని వెనక్కి లాగి, గుమ్మం దగ్గరి పెట్టెలోంచి ప్లాస్టిక్ టోపీ తీసి తలపై నొక్కి పెట్టాడు. ఎవరో నవ్వారట. నమాజు ముగిసింది, కుర్రవాడు వెళ్ళిపోయాడు. తరువాత మూడు జుమాలు రాలేదు. నేను షెడ్డుకు వెళ్ళాను. హజ్రత్, ఆ టోపీ వాసన కొట్టింది, సజ్దాలో ఊపిరి ఆడలేదు, జీతం రాగానే టోపీ కొనుక్కుని వస్తాను అన్నాడు. నా మొహం చూడలేక స్పానరు వైపు చూస్తూ అన్నాడు.

టోపీ కొనుక్కునే వరకు అల్లాహ్ ఇంటికి రాకూడదని ఆ పిల్లవాడికి మనం నేర్పించాం. ముప్పై ఏళ్ళ క్రితం నేను అబ్బకు నేర్పించినట్టే.

ఆ పెట్టెలోని టోపీల గురించి ఫిఖ్‌హ్ ఏమంటుందో కూడా వినండి. గౌరవనీయుల ముందుకు వేసుకుని వెళ్ళడానికి సిగ్గుపడే బట్టలతో నమాజు చేయడం మక్రూహ్ అని మన గ్రంథాలు రాశాయి. పది మంది చెమట పట్టి, అంచులు విరిగి, రంగు మారిన ఆ ప్లాస్టిక్ టోపీని పెట్టుకుని మీలో ఎవరైనా పెళ్ళికి వెళ్తారా? ఒక మక్రూహ్ నుంచి కాపాడుతున్నామనుకుని పిల్లవానిని మరొక మక్రూహ్‌లోకి నెట్టాం. పైగా నమాజీని సఫ్‌లోంచి లాగాం.

ఈ విషయంలో ముతవల్లీగారితో, కమిటీ పెద్దలతో మాట్లాడాను. ఆ పెట్టె ఈ రోజు అసర్ తరువాత తీసివేస్తున్నాం. మన దర్జీ సోదరుడొకరు నూలు టోపీలు నలభై కుట్టి ఇస్తానన్నారు, కూలీ తీసుకోనన్నారు. గుడ్డ ఖర్చు నాది. అవి ప్రతి గురువారం ఉతికి, అరలో మడిచి పెట్టి ఉంటాయి. కావలసినవారు తమంతట తాము తీసుకుంటారు. ఎవరూ ఎవరి తలపైనా పెట్టకూడదు. బోడితలతో వచ్చినవానిని సఫ్‌లోంచి కదిలించకూడదు. ఏమైనా చెప్పాలనిపిస్తే నమాజు తరువాత, పక్కకు పిలిచి, చెప్పేవాని చేతిలో ఒక కప్పు చాయ్ ఉండగా చెప్పండి. వరండాలో వాదించుకున్న నా పెద్దలిద్దరూ ఈ రోజు ఒకే సఫ్‌లో ఉన్నారు, చూస్తున్నాను. మధ్యలో ముగ్గురు ఉన్నారు. ఆ ముగ్గురూ కాస్త అటూ ఇటూ జరిగితే బాగుంటుంది.

అరబీ ఖుత్బాకు ఇంకా ఏడు నిమిషాలు ఉంది. సున్నతులు చదవనివారు చదువుకోండి. షెడ్డు తమ్ముడు వచ్చాడేమో నాకు ఇక్కడి నుంచి కనిపించడం లేదు. వచ్చి ఉంటే, ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే ఉండనివ్వండి.